పాత కారు హీట్ ఎక్కుతోందా? మారుతి 800 కాలం నాటి బండ్ల కూలింగ్ సిస్టమ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వస్తే చాలు, పాత కార్లు ఉన్నోళ్ళందరికీ ఒకటే టెన్షన్, డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు పైకి పోతుందా లేదా అని. ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీ ప్రాబ్లం ఏదో అది వెతుక్కోండి. కానీ నడిరోడ్డు మీద ఆగి చదువుతున్నవాళ్ళు మాత్రం రెండో ప్రశ్న ముందు చూడండి.

ఇదంతా ఏ బండ్లకి పనికొస్తుంది?

మెయిన్ గా మారుతి 800, ఆమ్ని, పాత జెన్, పాత ఆల్టో, మొదట్లో వచ్చిన శాంత్రో, ఇలాంటివి. 800 అయితే 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైంది కాబట్టి కార్బొరేటర్ బండ్లూ ఉన్నాయి, 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండ్లూ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేవి) ఉన్నాయి. రెండింటికీ తేడా ఉన్నచోట చెప్తాను. అంబాసిడర్ కి వేరే ప్రశ్న కింద ఉంది. డీజిల్ బండ్ల జోలికి నేను పోలేదు, అసలు సూత్రం ఒకటే అయినా దాని తిప్పలు దానికి ఉంటాయి.

రోడ్డు మీద ఉన్నా, ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడేం చెయ్యాలి?

ఏసీ ఆపెయ్యండి. హీటర్ ఉన్న బండైతే హీటర్ ఫుల్ హాట్ లో పెట్టి బ్లోయర్ ఫుల్ గా తిప్పండి, అద్దాలు దించండి. ఎండాకాలంలో హీటర్ ఏంటి అని నవ్వొద్దు, ఆ హీటర్ లోపల ఉండేది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత మీ మీదకి లాగుతుంది, మీకు చెమట పడుతుంది కానీ ఇంజన్ బతుకుతుంది. అలా చేసి సేఫ్ గా ఉన్నచోట, కుదిరితే నీడలో, పక్కకి ఆపండి.

బానెట్ కింద నుంచి ఆవిరి రాకుండా ముల్లు మాత్రమే పైకి ఉంటే వెంటనే ఇంజన్ ఆపకుండా న్యూట్రల్ లో ఒక నిమిషం చూడండి, ఫ్యాన్ తిరుగుతూ ముల్లు దిగుతుంటే మంచిదే. దిగకపోతే, లేదా ఆవిరి కొడుతుంటే, లేదా బ్యాటరీ ఎర్రలైటు కూడా వెలిగి ఉంటే వెంటనే ఆపెయ్యండి. ఎందుకంటే ఈ బండ్లలో ఆల్టర్నేటర్ ని వాటర్ పంపుని తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే ఛార్జింగూ ఉండదు, నీళ్ళు తిరగడమూ ఉండదు. బ్యాటరీ లైటు, హీటు రెండూ కలిసి వచ్చాయంటే ముందు చూడాల్సింది ఆ బెల్టునే.

"ఇంకో రెండు కిలోమీటర్లే కదా, మెల్లగా పోదాం" అనేది మాత్రం వద్దు. ఆ రెండు కిలోమీటర్లకే ఇంజన్ పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది, వందల్లో అయ్యే పని వేలల్లోకి పోతుంది. టోయింగ్ కి ఎంతైనా ఇవ్వండి, హెడ్ పనికన్నా చీపే.

ఆపాక వెంటనే రేడియేటర్ మూత తీసి నీళ్ళు పోయొచ్చా?

అస్సలు వద్దు. లోపల ప్రెషర్ కుక్కర్ లో ఉన్నట్టు ఉంటుంది, మూత వదులు చేసిన క్షణంలో మరిగిన నీళ్ళు మొహం మీదకి కొడతాయి. ప్రతి ఎండాకాలం ఇలా కాలి ఆస్పత్రికి పోయేవాళ్ళు ఉంటారు. అరగంట, ముప్పావుగంట ఆగండి. రేడియేటర్ పై పైపుని చేత్తో నొక్కితే మెత్తగా అవ్వాలి, గట్టిగా ఉందంటే ఇంకా ప్రెషర్ ఉన్నట్టే. తర్వాత మందపాటి గుడ్డ మడతలేసి మూత మీద పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మొదటి మెట్టు వరకే తిప్పి ఆపండి. బుస్సుమని ఆగాక అప్పుడు పూర్తిగా తియ్యండి.

ఇంకోటి, బాగా కాలిన ఇంజన్ లో చల్లనీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే హెడ్డు పగిలే ఛాన్స్ ఉంది. ఇంజన్ మీద బయట నుంచి నీళ్ళు పోసేవాళ్ళని కూడా చూశా, దండం పెట్టి ఆపండి వాళ్ళని. బాగా చల్లారాక, ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్ లో పెట్టి, కొంచెం కొంచెంగా పోయాలి.

అన్నట్టు బానెట్ ఎత్తినప్పుడు ఫ్యాన్ దగ్గర చెయ్యి, చున్నీ, టవలు పెట్టకండి. కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ సడన్ గా తిరుగుద్ది.

సిటీ ట్రాఫిక్ లో హీట్ ఎక్కుతుంది, హైవే ఎక్కితే మామూలు అయిపోతుంది. ఏంటి కారణం?

నూటికి తొంభై పాళ్ళు ఫ్యాన్ సైడ్ ప్రాబ్లమే. బండి స్పీడ్ లో ఉంటే గాలి తనంతట తానే రేడియేటర్ లోంచి పోతుంది, ఫ్యాన్ తో పనిలేదు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో బెంజ్ సర్కిల్ దగ్గరో ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. అది తిరగకపోతే, స్లోగా తిరుగుతుంటే, ఉల్టా తిరుగుతుంటే హీట్ ఎక్కుతుంది.

ఉల్టా తిరగడమేంటి అంటారేమో. మోటర్ మార్చినప్పుడు వైర్లు తారుమారు చేస్తే ఫ్యాన్ ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొడుతుంది, శబ్దం వస్తుంది కాబట్టి అందరూ బానే ఉందనుకుంటారు. ఒక న్యూస్ పేపర్ ముక్క గ్రిల్ ముందు పట్టుకోండి, ఫ్యాన్ తిరిగేటప్పుడు అది రేడియేటర్ కి అతుక్కోవాలి. ఎగిరి మీ మీదకి వస్తే వైర్లు మార్పించండి, అంతే.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవర్, అదే శ్రౌడ్, అది ఉందో లేదో కూడా చూడండి. యాక్సిడెంట్ పని చేయించిన బండ్లలో చాలాసార్లు దాన్ని తీసి పక్కన పడేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ తిరిగే చోట మాత్రమే గాలి లాగుతుంది, మిగతా రేడియేటర్ ఊరికే ఉంటుంది.

ఫ్యాన్ తిరగట్లేదు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోకముందు నేను ఏం చూసుకోవచ్చు?

ముందు ఫ్యూజు. తర్వాత మోటర్ సాకెట్ పీకి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి డైరెక్ట్ గా ఇవ్వండి. తిరిగిందంటే మోటర్ మంచిదే, తిరగలేదంటే మోటర్ పోయింది లేదా కార్బన్ బ్రష్షులు అరిగాయి. చేత్తో కొంచెం తిప్పితే స్టార్ట్ అయ్యే మోటర్ కూడా పోయినట్టే లెక్క, ఇవాళ తిరిగినా రేపు మధ్యాన్నం ఎండలో మొండికేస్తుంది.

మోటర్ బానే ఉంటే థర్మో స్విచ్, అంటే నీళ్ళు వేడెక్కితే ఫ్యాన్ ఆన్ చేసే స్విచ్, అది చూడాలి. కార్బొరేటర్ బండ్లలో ఇంజన్ మీద నీళ్ళు పోయే చోట బిగించి ఉంటుంది. తాళం ఆన్ లో పెట్టి దాని సాకెట్ ఊడదీసి రెండు వైర్లూ చిన్న తీగతో కలపండి, ఒకటే వైరు ఉంటే ఇంజన్ బాడీకి తాకించండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్చే పోయింది, కొత్తది వేస్కోండి. తిరక్కపోతే రిలే, వైరింగ్.

ఎంపీఎఫ్ఐ బండ్లలో ఈ వైర్లు కలిపే పని చెయ్యకండి, అక్కడ ఫ్యాన్ ని ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్ నడిపిస్తుంది. రిలే మార్చి చూడండి, పక్కన హారన్ కో ఇంకోదానికో అదే రకం రిలే ఉంటే అది పెట్టి చూడొచ్చు. అంతకు మించితే తెలిసినవాడి చేతికివ్వడం మేలు.

"సెన్సార్ ఎందుకన్నా, డాష్‌బోర్డు మీద డైరెక్ట్ స్విచ్ పెట్టేస్తా" అంటున్నాడు ఎలక్ట్రీషియన్. పెట్టించుకోవచ్చా?

స్పేర్ గా అయితే ఓకే. సెన్సార్ కి బదులుగా అయితే వద్దు. ఎందుకంటే ఆ స్విచ్ వెయ్యాలని గుర్తుండేది మీకు మాత్రమే, బండి మీ తమ్ముడు తీసుకెళ్ళిన రోజున ఎవరు వేస్తారు? పెట్టించుకుంటే రిలే ద్వారా పెట్టమనండి, ఫ్యాన్ కరెంటు మొత్తం ఆ చిన్న బటన్ లోంచి లాగితే అది కరిగిపోయి వాసన వస్తుంది. కొంతమంది తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా కలిపేస్తారు, దాంతో మోటర్ తొందరగా అరుగుతుంది, పొద్దున్నే ఇంజన్ వేడెక్కడానికి టైం పడుతుంది.

నాది దానికి రివర్స్. సిటీలో పర్లేదు, హైవే మీద 80 దాటినా, ఘాట్ ఎక్కినా హీట్ ఎక్కుతుంది.

అయితే ఫ్యాన్ ని వదిలెయ్యండి. ఇంజన్ ఎక్కువ వేడి పుట్టిస్తోంది, దాన్ని బయటికి తీస్కెళ్ళేంత నీళ్ళు తిరగట్లేదు, లేదా రేడియేటర్ చల్లబరచట్లేదు. నేనైతే ఈ వరసలో చూస్తా:

రేడియేటర్ లోపలి గొట్టాలు ఉప్పు పట్టి మూసుకుపోవడం, మన ఏరియాలో ఇదే నెంబర్ వన్. మూత తీసి లోపలికి చూస్తే గొట్టాల చివర్ల మీద తెల్లగా పెచ్చులు కనిపిస్తాయి. ఇంకో పద్ధతి, ఇంజన్ వేడెక్కాక ఆపి, ఫ్యాన్ సాకెట్ పీకేసి, రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకచోట కాలుతూ ఇంకోచోట చల్లగా ఉందంటే ఆ చల్లగా ఉన్నచోట నీళ్ళు పోవట్లేదు.

తర్వాత రేడియేటర్ బయట. రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ కి రేడియేటర్ కి మధ్యలో ఉండే సందు చూడండి, పాత బండ్లలో అక్కడ పురుగులు, దుమ్ము, ఎండుటాకులు, వరికోతల టైంలో తిరిగిన బండైతే ఊక, అంతా కలిసి దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే కనపడదు. పైపు పెట్టి ఇంజన్ వైపు నుంచి ముందుకి మెల్లగా నీళ్ళు కొట్టాలి, వాషింగ్ సెంటర్ లో ఫుల్ ప్రెషర్ తో కొడితే సన్న రెక్కలు పడుకుండిపోతాయి, అప్పుడు ఉన్న గాలి కూడా పోదు.

బెల్టు లూజు. వేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపే దిగాలి. స్టార్ట్ చేసినప్పుడు కీచుమంటే జారుతోందని అర్థం.

రేడియేటర్ కింద పైపు. ఇది చాలామంది చూడరు. పాతబడి మెత్తబడిన పైపు, ఇంజన్ స్పీడు పెరిగినప్పుడు పంపు లాగుడుకి లోపలికి నొక్కుకుపోతుంది, ఐడిల్ కి రాగానే మళ్ళీ మామూలు అవుతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే దీంతో తంటా. ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని మీరు పైపునే చూడండి.

ఇవన్నీ బాగుంటే ఇగ్నిషన్ టైమింగ్ బాగా లేట్ గా ఉందేమో, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడాలి. బ్రేకు పట్టేసిన బండి ఘాట్ లో హీట్ ఎక్కితే రేడియేటర్ మీద పడతారు అందరూ.

మెకానిక్ థర్మోస్టాట్ తీసి అవతల పడేశాడు. "మన ఎండలకి అవసరం లేదు సార్" అన్నాడు. నిజమేనా?

కాదు. ఈ ఒక్క విషయంలో నేను మెకానిక్కులతో చాలాసార్లు గొడవపడ్డా.

థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వు. దాని పని ఇంజన్ ని చల్లబరచడం కాదు, సరైన వేడి దగ్గర ఉంచడం. ఈ బండ్లలో మామూలుగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేది ఉంటుంది, ఆ నెంబర్ దాని మీదే కొట్టి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళని రేడియేటర్ కి పోనివ్వకుండా ఆపుతుంది కాబట్టి ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. బయట 45 డిగ్రీలున్న రెంటచింతల ఎండ కూడా 82 కన్నా చాలా తక్కువే కదా, మరి మన ఎండలకి అవసరం లేదనడంలో లాజిక్ ఏముంది?

తీసేస్తే ఏమవుతుందంటే, హైవే మీద ఇంజన్ ఎప్పుడూ అరవై డెబ్బై దగ్గరే ఊగుతుంటుంది. కార్బొరేటర్ బండైతే పొద్దున పూట చోక్ చాలాసేపు లాగి ఉంచాలి. ఎంపీఎఫ్ఐ అయితే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపిస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజన్ ఆయిల్ లో చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు పడుతుంది, దాన్ని చూసి ఇంకో మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందంటాడు, అదో ఖర్చు. పైగా నీళ్ళు బైపాస్ దారిలో తిరిగే డిజైన్ ఉన్న కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి మూతపడదు, కొన్ని నీళ్ళు రేడియేటర్ కి పోకుండానే తిరుగుతుంటాయి, హీట్ ఇంకా పెరుగుతుంది.

మరి మెకానిక్కులు ఎందుకు తీస్తారు? తుప్పునీళ్ళతో నడిచే బండిలో అది మూసుకున్నట్టే బిగుసుకుపోతుంది, తీసేయగానే హీటు తగ్గుతుంది, కస్టమర్ హ్యాపీ. కొత్తది ఏమంత రేటు కాదు, అయినా షాపుకి మనిషిని పంపడానికి బద్ధకం.

టెస్ట్ ఇంట్లోనే చెయ్యొచ్చు. పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి అడుగుకి తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్ళు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి, బయటికి తీస్తే మూసుకోవాలి. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి. కొత్తది బిగించేటప్పుడు దానికి చిన్న చిల్లు, అందులో ఊగే పిన్ను ఉంటే అది పై వైపుకి రావాలి, గాలి బయటికి పోవడానికి పెట్టిందది.

నీళ్ళు రోజూ తగ్గుతున్నాయి, కింద చుక్క కూడా కనపడట్లేదు. ఎక్కడికి పోతున్నాయి?

బండి వేడిగా ఉన్నప్పుడు, ప్రెషర్ లో ఉన్నప్పుడు మాత్రమే కారే లీకులు ఉంటాయి, అవి వేడి ఇంజన్ మీదే ఆరిపోతాయి. కాబట్టి తడి కోసం కాదు, మరకల కోసం వెతకండి, తెల్లగానో పచ్చగానో గీతలు కట్టి ఉంటాయి. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాని కింద మరక ఉందంటే పంపు సీలు పోయింది. పంపు పుల్లీని పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడినా, తిప్పితే గరగరలాడినా కూడా అంతే. పైపుల క్లిప్పుల దగ్గర, ప్లాస్టిక్ ట్యాంక్ ఉన్న రేడియేటర్ అయితే ప్లాస్టిక్ అల్యూమినియం కలిసే అంచు దగ్గర, ఇంజన్ బ్లాక్ కి ఉండే గుండ్రటి రేకు ప్లగ్గుల దగ్గర చూడండి. ఈ ప్లగ్గులు లోపల నుంచి తుప్పు పట్టి సూదిమొన అంత చిల్లు పడతాయి.

కారు లోపల ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాట్ తడిగా, తియ్యటి వాసనగా ఉండి, అద్దం మీద జిడ్డు పొగమంచు పడుతుంటే హీటర్ రేడియేటర్ లీకు.

ఎక్కడా దొరక్కపోతే రేడియేటర్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి, మూత స్థానంలో పంపు పెట్టి గాలి కొడతారు, లీకు ఉంటే బయటపడుద్ది. అక్కడా ఏమీ లేదంటే నీళ్ళు ఇంజన్ లోపలికి పోతున్నాయని అనుమానించాలి.

హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఎలా తెలుస్తుంది?

పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై పైపు రాయిలా గట్టిపడుతుందా? నీళ్ళు ఇంకా వేడెక్కనే లేదు, మరి ప్రెషర్ ఎక్కడిది? సిలిండర్ లోంచి వస్తోంది. ఇది అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అని నా అభిప్రాయం. అలాగే చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్ లో ఆగకుండా బుడగలు వస్తుంటాయి. కొంచెంసేపు వచ్చి ఆగిపోతే అది లోపలున్న గాలి, రేస్ చేసినకొద్దీ పెరుగుతుంటే గ్యాస్కెట్.

డిప్ స్టిక్ మీద ఆయిల్ కాఫీ రంగులోకి మారడం, సైలెన్సర్ నుంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ రావడం, స్పార్క్ ప్లగ్గులు విప్పితే వాటిలో ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉండటం, ఇవన్నీ గుర్తులే, కానీ అన్నీ ఒకేసారి కనపడాలని లేదు. డిసెంబర్ పొద్దున కొంచెం తెల్ల ఆవిరి వస్తే కంగారు పడకండి, అది మామూలే. కొన్ని షెడ్లలో నీలం రంగు టెస్ట్ ద్రవం ఉంటుంది, రేడియేటర్ మీద పెడితే సిలిండర్ పొగ తగిలినప్పుడు పసుపులోకి మారుతుంది, ఉంటే అది చేయించండి.

పని చేయించేటప్పుడు ఒక్కటే పట్టుబట్టండి: గ్యాస్కెట్ ఒక్కటే మార్చి మూసెయ్యకుండా హెడ్డుని లేత్ కి పంపి వంకర ఉందేమో చూసి ఫేసింగ్, అంటే కింది ముఖం చదును, చేయించాలి, బిగించేటప్పుడు మధ్య బోల్టుల నుంచి బయటికి, టార్క్ రెంచ్ తో, రెండు మూడు విడతల్లో బిగించాలి. "చేతి అంచనా ఉంది సార్" అంటే వేరే షెడ్డు చూస్కోండి. ఇంకా ముఖ్యం, అసలు హీట్ ఎందుకు ఎక్కిందో ఆ కారణం సరిచెయ్యకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది.

రేడియేటర్ మూత మార్చమంటున్నారు. మూతకీ హీటుకీ ఏంటి సంబంధం?

చాలా ఉంది. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అది ప్రెషర్. మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 0.9 మూత సరిగ్గా పట్టి ఉంచితే దాదాపు 120 దగ్గరికి గానీ మరగవు. మూత రబ్బరు పోతే ఆ 20 డిగ్రీల లాభం పోయినట్టే. మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు పక్కన ప్లాస్టిక్ బాటిల్ లోంచి నీళ్ళు తిరిగి లాక్కోవడానికి. అది పోతే బాటిల్ నిండుతూ ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతూ ఉంటుంది, రాత్రి చల్లారాక పైపులు చప్పగా అతుక్కుపోయి కనిపిస్తాయి. అలా కనిపిస్తే కొత్త మూత వేస్కోండి. దొరికింది కదా అని ఎక్కువ ప్రెషర్ ది వెయ్యకండి, ముసలి రేడియేటర్ తట్టుకోలేదు.

బోరు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఎప్పటినుంచో అవే పోస్తున్నాం.

అందుకే మూసుకుపోతున్నాయి. మన దగ్గర చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు గట్టినీళ్ళు, గీజర్ రాడ్డు మీద తెల్లగా పట్టేది ఏదో అదే ఇంజన్ లోపల గోడలకి, రేడియేటర్ గొట్టాలకి పడుతుంది. దాని మీద తుప్పు. ఎమర్జెన్సీలో దారిలో ఏ నీళ్ళు దొరికినా పొయ్యండి, తప్పులేదు, తర్వాత మాత్రం డ్రెయిన్ చేయించి సరైనది పోయించండి.

సరైనది అంటే కూలెంట్ ప్లస్ డిస్టిల్డ్ వాటర్, అదే బ్యాటరీ షాపులో, బంకులో అమ్మేది. మనకి మంచు గడ్డకట్టే భయం లేదు కాబట్టి కూలెంట్ ఎందుకు అని అడుగుతారు. తుప్పు పట్టకుండా, పంపు సీలు ఎండిపోకుండా చూసేది అందులోని మందులే, మరిగే డిగ్రీ కూడా కొంచెం పెరుగుతుంది. 30 పాళ్ళు కూలెంట్ 70 పాళ్ళు నీళ్ళు మన ఎండలకి చాలు, సగం సగం వరకూ పోవచ్చు. ఇంకా చిక్కగా పోస్తే మంచిదనుకోకండి, వేడిని మోసుకెళ్ళడంలో నీళ్ళే బెస్ట్, ఒట్టి కూలెంట్ పోస్తే హీట్ పెరుగుతుంది. కొన్ని డబ్బాలు ముందే కలిపి అమ్ముతారు, వాటిలో మళ్ళీ నీళ్ళు కలపకండి. డబ్బా మీద చదవండి.

రంగు చూసి కొనొద్దు. పచ్చ, నీలం, ఎరుపు అనేది కంపెనీ వేసిన రంగు మాత్రమే, రెండు పచ్చవి కూడా వేర్వేరు రకాలు కావచ్చు. పాతది ఏంటో తెలియకపోతే మొత్తం తీసేసి కడిగి కొత్తది పొయ్యండి.

కూలెంట్ మార్చాక హీట్ ఇంకా ఎక్కువైంది!

ఎయిర్ లాక్. లోపల గాలి ఇరుక్కుంది. ఇంజన్ చల్లారాక బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద పెట్టి, హీటర్ హాట్ లో పెట్టి, మూత తీసి స్టార్ట్ చెయ్యండి. ఐడిల్ లో వదిలేసి, మట్టం దిగినప్పుడల్లా కొంచెం పోస్తూ, మధ్యమధ్యలో పై పైపుని పిసుకుతూ ఉండండి. బుడగలు ఆగి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు మూత పెట్టి బాటిల్ లో ఫుల్ గీత దాకా నింపండి. మర్నాడు పొద్దున మళ్ళీ చూడండి, కొంచెం దిగి ఉంటుంది.

పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు, నిజమా?

ఆగుతుంది. సన్న లీకైతే రెండు మూడు చెంచాలు వేస్తే ఆ పొడి వెళ్ళి చిల్లులో కూర్చుంటుంది, లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. అర్ధరాత్రి అడవిలో ఇరుక్కుంటే నేనూ అదే చేస్తా. కానీ అది లీకు దగ్గరే కూర్చోదు కదా, రేడియేటర్ గొట్టాల్లో, హీటర్ లో కూడా కూర్చుంటుంది. ఊరు చేరాక కడిగించి లీకు అతికించాల్సిందే. బయట నుంచి ఎం-సీల్ పెట్టేవాళ్ళు కూడా అంతే, బాగా ఆరబెట్టి రుద్ది పెడితే ఇంటికి చేరుస్తుంది, దాన్నే పర్మనెంట్ అనుకోవద్దు.

రేడియేటర్ రిపేర్ చేయించాలా, కొత్తది వెయ్యాలా?

రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రిపేరే. ఆటోనగర్ లో రేడియేటర్ షాపు వాళ్ళు పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్న రాడ్డు దూర్చి శుభ్రం చేసి మళ్ళీ సోల్డరింగ్ చేస్తారు, కోర్ బాగుంటే ఇంకో పదేళ్ళు వస్తుంది. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు అయితే ట్యాంకు పగిలాక కొత్తది కొనడమే బెటర్, అతికించినా ప్రెషర్ కి నిలవదు. రిపేర్ చేసేటప్పుడు "నాలుగు గొట్టాలు లీకున్నాయి, మూసేశా" అంటే ఆ నాలుగు ఇక పనిచెయ్యవని అర్థం.

ఎల్పీజీ కిట్ ఉంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, ఇది చాలామందికి తెలీదు. గ్యాస్ ని ఆవిరి చేసే రెడ్యూసర్ కి వేడి కావాలి, ఆ వేడి ఇంజన్ నీళ్ళ నుంచే వస్తుంది, రెండు సన్న పైపులు కలిపి ఉంటాయి. నీళ్ళు తగ్గితే మొట్టమొదట గాలి చేరేది అక్కడే. అప్పుడు రెడ్యూసర్ మీద ఎండాకాలంలో కూడా మంచు పడుతుంది, బండి జర్క్ కొట్టి ఆగిపోతుంది, గ్యాస్ ప్రాబ్లం అని కిట్ వాడి దగ్గరికి పోతారు. ముందు రేడియేటర్ లో నీళ్ళు చూడండి.

అంబాసిడర్ సంగతేంటి?

అందులో ఫ్యాన్ కి కరెంటుతో పనిలేదు, ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది. ఐడిల్ లో ఫ్యాన్ కూడా స్లోనే, అందుకే పాత డ్రైవర్లు జామ్ లో న్యూట్రల్ వేసి కొంచెం రేస్ చేస్తూ ఉంటారు, అది అలవాటు కాదు, అవసరం. బెల్టు టైటు, మూత, రేడియేటర్ శుభ్రం, ఈ మూడూ చూసుకుంటే చాలు, మిగతాదంతా పైన చెప్పిందే.

ముల్లు ఎర్రగీత దాకా పోయి సడన్ గా కిందకి పడిపోయింది. తగ్గినట్టేనా?

ఆపండి బండి వెంటనే. సెన్సార్ నీళ్ళలో ఉంటేనే కరెక్ట్ గా చూపిస్తుంది. నీళ్ళన్నీ పోయి ఆవిరిలో ఉంటే తక్కువ చూపిస్తుంది. హీటర్ ఆన్ లో ఉండి వేడిగాలి కాస్తా చల్లగా మారినా అదే అర్థం, లోపల నీళ్ళు లేవు. పొద్దున నుంచీ ముల్లు అసలు కదలకుండా ఉంటే మాత్రం సెన్సార్ వైరు ఊడిందేమో చూడండి, లేదంటే ముందు చెప్పిన థర్మోస్టాట్ కథ.

శ్రీశైలం, అరకు, తిరుమల ఘాట్లకి ఈ బండితో పోవచ్చా?

కూలింగ్ బాగుంటే హాయిగా పోవచ్చు, 800 లు ఎన్ని ఎక్కలేదు కొండలు. ఏసీ ఆపి, సెకండ్ గేర్ లో ఇంజన్ ఫ్రీగా తిరిగేలా ఎక్కండి. థర్డ్ లో పెట్టి గుంజుతూ ఈడిస్తే ఇంజన్ మీద లోడు పెరిగి, పంపు మెల్లగా తిరిగి, హీట్ ఎక్కుద్ది. ముందు పోతున్న బస్సు వెనకాలే అతుక్కుని పోకండి, దాని వేడిగాలి అంతా మీ రేడియేటర్ కే. పైకి చేరగానే టక్కున ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్ లో వదలండి, ఆపిన వెంటనే నీళ్ళు తిరగడం ఆగి హెడ్డు దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది, ఆగాక బుడబుడ శబ్దం వచ్చేది అందుకే.

డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్, స్పేర్ బెల్టు, రెండు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, ఫ్యూజులు, మందపాటి గుడ్డ పెట్టుకోండి. బెల్టు మీ బండి సైజుదే కొని, ఇంట్లో ఒకసారి మీరే బిగించి చూస్కోండి, నల్లమలలో సిగ్నల్ ఉండదు, ఫోన్ లో వీడియో చూసి చేద్దామంటే కుదరదు.

తీసిన పాత కూలెంట్ ఎక్కడ పారబొయ్యాలి?

వీధిలో, కాలవలో వద్దు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి, పిల్లలకీ ప్రమాదమే. మూత ఉన్న డబ్బాలో పట్టి, డబ్బా మీద పెద్దగా రాసి, పాత ఆయిల్ తో కలపకుండా విడిగా సర్వీస్ సెంటర్ లో ఇవ్వండి. కూల్ డ్రింక్ సీసాలో మాత్రం పొయ్యకండి, రంగు చూస్తే ఎవరైనా తాగేస్తారు.